కోట తిప్పి చూసిన సంబంధం

కర్నూలు మా రాజధానిగా ఉన్న రోజుల్లో, జమ్మలమడుగులో మా ఇంట పెళ్లిచూపులు రెండు విడతలుగా జరిగేవి. మొదటిది అబ్బాయి తరఫువాళ్లు అమ్మాయిని చూడడం. అది అందరిళ్లలో ఉండేదే. రెండోది మా నాయన అబ్బాయిని గండికోటకు తీసుకుపోయి, కోటంతా కాలినడకన తిప్పడం. పైకి అతిథులకు వింతలు చూపిస్తున్నట్టే ఉంటుంది. ఆయన చూసేది మాత్రం అబ్బాయి దమ్ము. కోట తిరగలేనివాడు మడక పట్టి దున్నలేడని ఆయన లెక్క. మా అక్క మొగుడు ఆ పరీక్ష నెగ్గినవాడే. నెగ్గినా జొన్న కోతలై గింజ ఇంటికి చేరేదాకా పెళ్లికి ఆగాడు. మా ఇంట్లో పెళ్లిళ్లన్నీ పంట తర్వాతే.

నా వంతు దసరా వెళ్లాక వచ్చింది. అబ్బాయిది పులివెందుల. అతనూ, వాళ్లమ్మా, మా నాయనా, మేనత్తా, నేనూ ఎద్దుల బండిలో పోయి కోట వాకిలి దగ్గర దిగాం. నేను వాళ్లకు నచ్చానట. నాకూ అతను నచ్చాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు గనక నేనూ చెప్పలేదు.

మేకులు దిగ్గొట్టిన తలుపులు, పావురాల గోపురం, జైలు, మసీదు. నాయన ముందు నడుస్తూ, ఆ కోట తానే కట్టించినంత ధీమాగా చెప్పుకుపోయాడు. మసీదు దాటాక మాటకూ మాటకూ మధ్య ఎడం పెరిగింది. ఆ ఏడే ఆయనకు ఆయాసం మొదలైంది. చుట్ట దగ్గులే అని ఇంట్లో ఎవరమూ పట్టించుకోలేదు.

అబ్బాయి ఉన్నట్టుండి ఆగాడు. "మామా, ఈ గోడ శానా బాగుంది. రోంతసేపు చూసి పోదాం," అన్నాడు. మా వైపు ఎవరినైనా మామా అంటారు. అయినా మేనత్త నన్ను మోచేత్తో పొడిచింది.

ధాన్యం కొట్టు దగ్గర మళ్లీ ఆగాడు. మాధవరాయస్వామి గుడి మెట్ల మీద ఏకంగా కూర్చున్నాడు. నాయనా కూర్చోక తప్పలేదు. అతను బాగుందన్న గోడను నేను వెనక్కి తిరిగి చూశాను. ఉత్త రాళ్లు. అతని కళ్లు నాయన భుజాల మీద ఉన్నాయి. అవి ఎగిసిపడడం తగ్గాకే లేచాడు.

వాళ్లు పులివెందులకు బస్సెక్కాక నాయన తీర్పు చెప్పాడు. "పిల్లోడు గోడగోడకూ నిలబడతాండాడు. దమ్ము లేదు. మనకొద్దు."

అమ్మ సరేనంది. ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. నోరు మూసుకుంటే సంబంధం పోతుంది. నోరు తెరిస్తే, నీకు జబ్బు చేసిందని ఆయన మొహం మీదే చెప్పాలి.

"ఆయప్ప నిలబడింది నీకోసం నాయనా," అన్నాను. "నీకు ఊపిరాడనప్పుడల్లా నిలబడినాడు."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. వెలిగించబోతున్న చుట్టను మళ్లీ రొంటిన దోపుకుని అరుగు మీదికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే పురోహితుణ్ణి పిలిపించి, సంబంధం ఖాయమన్నాడు. మా ఆనవాయితీ తెలిసిన మనిషి కాబట్టి ఆయన నేరుగా మాఘమాసం దగ్గర పంచాంగం తెరిచాడు.

"అంతదాకా వద్దు స్వామీ," అన్నాడు నాయన. "కార్తీకంలోనే చూడు."

అప్పటికి మా చేలో జొన్న మోకాలెత్తు కూడా లేదు.