గంజి చుక్క లేని నేల

ఊరి పెద్దలూ అధికారులూ, విమానాలను పడగొడుతున్నది మీరే. పెళ్ళి ఎంగిలాకులూ కోళ్ళ పేగులూ తెచ్చి విమానాశ్రయం గోడ పక్కన గుమ్మరిస్తారు. ఆ గోడ మీద గద్ద వాలితే కాల్చిపారేయమంటారు. మీకు గట్టిగా నాలుగు చివాట్లు పెట్టగలిగిన మనిషి మొన్న మంగళవారం ఎమ్మిగనూరులో పోయింది. మా పెద్దమ్మ. అన్నం తిని మగ్గం పక్కన కునుకు తీసింది, మళ్ళీ లేవలేదు.

డెబ్భైల చివర్లో ఆదోని దారిలో ఊరు దాటాక ఒక గట్టి నేల ఉండేది. పత్తికి పురుగు పట్టిన రోజుల్లో మందు చల్లే చిన్న విమానం అక్కడినుంచి లేచేది. దాని పక్కనే మేం పడుగులు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలు, సాచేవాళ్ళం. గంజి తడి మీద దారాలు అతుక్కోకూడదంటే గాలి లేని వేళ కావాలి. మందు సరిగ్గా చేనులోనే పడాలంటే విమానానికీ ఆ వేళే కావాలి. అందుకని తెల్లారేసరికి అందరం అక్కడే. మంచులో పడుగు రెండో కొస కనిపించేది కాదు. తెల్లటి దారాలు పోయి పోయి ఆకాశంలో కలిసినట్టుండేవి. వాటి వెంట కుంచెతో గంజి రాస్తూ పెద్దమ్మ నడిస్తే నీళ్ళ మీద నడిచినట్టుండేది. కొస పట్టుకున్న నాకు, అప్పటికే పిల్లల తండ్రినైనా, మెలకువో కలో తెలిసేది కాదు.

మిగిలిన గంజి, గుప్పెడు జొన్నలు పెద్దమ్మ గట్టున పోసేది. పావురాలూ గోరింకలూ దిగేవి.

"పిట్టల పాలు పిట్టలకు పోకుంటే నూలు తెగుతాది" అనేది. నేను దేవుణ్ణి నమ్మనివాణ్ణి, ఊరుకోకుండా వాదించేవాణ్ణి. "నువ్వు నమ్మొద్దులే అప్పా. కొస గట్టిగా పట్టుకో, సాలు."

ఒకరోజు విమానం లేస్తుంటే పావురాల గుంపు కూడా లేచింది. అద్దం పగిలిన చప్పుడు. విమానం ఊగుతూ పోయి చెనక్కాయ చేనులో దిగింది. నడిపే కుర్రాడు ఆదోనివాడే. నొసలు చీరుకుపోయింది, ప్రాణం మిగిలింది. పెద్దమ్మ కొంగు చించి కట్టు కట్టింది.

"మీ ఆదోనోళ్ళకు నేల సాలక పైకి పోతాండారా?" అని తిట్టింది. కట్టు ఇంకో చుట్టు బిగించింది.

మర్నాడు మందు చల్లించే కాంట్రాక్టరు తుపాకీతో వచ్చాడు. ముందు పిట్టలను కాలుస్తాడట, తర్వాత మమ్మల్ని తరుముతాడట. తలకు కట్టుతోనే కుర్రాడు అడ్డం నిలిచాడు.

"ఇవి సస్తే రేపు వేరేవి వస్తాయి సార్. తిండి ఉన్నన్నాళ్ళూ వస్తానే ఉంటాయి." పెద్దమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఈడ గింజ ఎయ్యొద్దు. నాకు ఇంట్లో ఇద్దరు పిల్లోళ్ళుండారు."

"నోరు లేనివి నాయనా. ఉత్త కడుపుతో యాడికి పంపేది?"

"మల్ల నన్ను యాడికి పంపుతావు?"

మరుసటి రోజు పెద్దమ్మ కుంచె కంటే ముందు చీపురు తెచ్చింది. నేలంతా ఊడ్చింది. గంజి చుక్క పడితే మట్టితో సహా ఎత్తింది. మిగిలిన కుండ నెత్తిన పెట్టుకుని ఇంటిదగ్గర పాలిచ్చే ఎనుముకు మోసుకుపోయింది. పావురాలు వచ్చి ఆమె చుట్టూ తిరిగేవి, కాళ్ళకు అడ్డం పడేవి. ఆమె తలెత్తేది కాదు. కళ్ళు తుడుచుకోవడం చూసి, దేవుణ్ణి నమ్మని నేనే, "ఒక్క గుప్పెడు వెయ్యరాదా" అన్నాను.

"పుణ్యానికి గూడా జాగా సూసుకోవాలప్పా. నా పుణ్యం ఆ పిల్లోని తలకాయ పగలగొట్టింది."

పావురాలు తగ్గాయి, తర్వాత మానేశాయి. ఒక పొద్దున విమానం మంచులోకి లేచింది, చుట్టూ ఒక్క రెక్క కూడా లేదు. పెద్దమ్మ కుంచె ఆపి చూసింది. అది కనపడకుండా పోయాక కూడా, చప్పుడు అణిగాక కూడా, చూస్తూనే ఉంది. ఇప్పుడు ఆమెను తలుచుకుంటే నాకు కనిపించేది ఆ ఖాళీ ఆకాశమే.

త్యాగమూర్తి అని దండ వేసి తప్పించుకోవద్దు. మీ గోడ దగ్గర తుపాకీ పట్టినవాడికి జీతం ఉంది, చీపురు పట్టిన ఆమెకు ఏమిచ్చారు? మీ సంతాపం నాకు అక్కర్లేదు. ఇవి చేయండి:

విమానాలు దిగే చోట చెత్త, మాంసం తునకలు పారేయడం ఆపండి.

మాంసం అమ్మేవాళ్ళను తరమొద్దు. మూతలున్న తొట్లు, నీళ్ళు, దూరంగా పూడ్చే చోటు ఇవ్వండి.

గడ్డి కోయించండి, నిలవ నీరు తీయించండి. అవన్నీ అయ్యాకే తుపాకీ మాట.

ఆ నేల ఊడ్చేవాళ్ళను విమాన సిబ్బందిగా లెక్కగట్టండి, జీతం కూడా అట్లాగే ఇవ్వండి.

పడుగు సాచుకోవడానికి నేతవాళ్ళకు వేరే నేల చూపండి.

గింజలు చల్లాలనిపిస్తే, విమానం లేవని చోట చల్లండి.