మామ వేసిన అల్లం దండ

మొన్న మా అత్తమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి, మామ సంవత్సరీకం దగ్గరికొస్తున్నది, గోడకు పెట్టుకునేందుకు ఆయన ఫొటో ఒకటి పెద్దది చేయించి తెమ్మంది. "నీ దగ్గర లేనిది ఇంకెవరి దగ్గరుంటది బిడ్డా, దునియా ఫొటోలన్నీ నీ దగ్గర్నే ఉంటయి గద" అంది. నిజమే. జహీరాబాద్‌లో పత్రికా ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన ఇన్నేళ్లలో మా మామ నా కెమెరాకు చిక్కినన్నిసార్లు ఏ మంత్రీ చిక్కలేదు. పాత హార్డ్‌డిస్కులు ముందేసుకుని ఒక మధ్యాహ్నమంతా వెతికాను. ఆయన లేని సభ లేదు, ఆయన లేని శంకుస్థాపన లేదు. కానీ ఆయన ఒక్కడే ఉన్న ఫొటో మచ్చుకైనా లేదు. ఒకదాంట్లో ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి, ఇంకొకదాంట్లో చెవిని ఆనుకుని మైకు, మరొకదాంట్లో సగం ముఖం మీద వేరెవరికో వేస్తున్న గజమాల. చివరికి ఆధార్ కార్డు మీది ఫొటోనే స్టూడియోలో ఇచ్చి, వెనకాల నీలిరంగు పెట్టించి, ఫ్రేము కట్టించి పంపాను. అత్తమ్మ మంచిగుందనే అంది. ఆ వెతుకులాటలో కంటబడిన ఒక ఫొటో మాత్రం అప్పటినుంచీ నన్ను వదలడం లేదు.

మామది న్యాల్‌కల్ వైపు, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు. ఎర్రమట్టి నేల, అల్లం పంట, కాస్త చెరకు. ఒకసారి వార్డు మెంబరుగా గెలిచాడు. ఆ గెలుపు ఆయన్ని తర్వాత జీవితమంతా వదలలేదు. ఇస్త్రీ తెల్ల లాల్చీ, మెడలో కండువా, చేతిలో ఒక శాలువా ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. పదవి అడిగేవాడు కాదు, కాంట్రాక్టు అడిగేవాడు కాదు. ఆయనకు కావలసింది పెద్దవాళ్ల పక్కన ఒక అడుగు జాగా, అంతే. జ్యోతి వెలిగించే చోట ఎవరు ఎటు నిలబడతారో, రిబ్బను కత్తిరించేటప్పుడు ఏ సందులో తల దూరుతుందో ఆయనకు తెలిసినంతగా మా ఫొటోగ్రాఫర్లకే తెలియదు. హైవే మీద కాన్వాయ్ హారన్ వినపడితే చాలు, చేన్లో ఉన్నవాడు ఉన్నట్టే కాళ్లు కడుక్కుని బయలుదేరేవాడని అత్తమ్మ నవ్వుతూ తిట్టేది.

అసలు చిక్కు ఆయన చూపుతో వచ్చేది. ఫొటోలో నాయకుడు జనాన్ని చూస్తుంటాడు, జనం నాయకుణ్ని చూస్తుంటారు, మా మామ ఒక్కడే నేరుగా కెమెరాను చూస్తుంటాడు. కెమెరాను అంటే నన్ను. పెళ్లి భోజనాల దగ్గర అల్లుణ్ని పలకరించినట్టు ముఖమంతా నవ్వు. ఆయన దృష్టిలో అది మంత్రిగారి సభ కాదు, అల్లుడు పని చేసే చోటు. మా పక్కనే నిలబడే ఉర్దూ పత్రిక భాయ్ మోచేత్తో పొడిచి, "మియా, మీ ససుర్ ఎంట్రీ ఇచ్చిండు, జర సంభాలించుకో" అనేవాడు. హైదరాబాదు డెస్కు నుంచి, "ప్రతి ఫొటోలో ఉంటాడు, ఎవరయ్యా ఈ పెద్దమనిషి?" అని అడిగేవారు. స్థానిక నాయకుడండీ అనేవాణ్ని. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట అనేటప్పుడల్లా చెవులు వేడెక్కేవి. పిల్లవాడు బడికి వచ్చిన తండ్రిని చూసి తలుపు వెనక దాక్కుంటాడే, నాకు పిల్లలు పుట్టిన తర్వాత కూడా నా పరిస్థితి అదే.

కొన్నేళ్ల కిందట ఎన్నికల ముందు, ఎండలు మండిపోతున్న రోజుల్లో, హైవే పక్క మైదానంలో పెద్ద సభ పెట్టారు. రావలసిన నాయకుడు జిల్లాలో అందరూ 'అన్న' అని పిలిచే మనిషి. పొద్దున రావలసినవాడు ఎండ నడినెత్తికెక్కాక వచ్చాడు. అప్పటికే జనం కుర్చీలు నెత్తిన పెట్టుకుని నీడ చేసుకుంటున్నారు. మేం వేదిక ముందు పత్రికలవాళ్ల కోసం కట్టిన కట్టెల కంచెలో, చెమటకు తడిసి, ఎవరి కెమెరా వాళ్లు తుడుచుకుంటున్నాం. మామ మెట్ల దగ్గర కనిపించాడు. చేతిలో శాలువా లేదు. బుట్టెడు బరువున్న దండ ఏదో రెండు చేతులతో పొత్తిళ్లలో బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. లెన్సులోంచి చూస్తే అది అల్లం. విత్తనానికని నీడలో దాచుకున్న అల్లంలోంచి మంచి మంచి కొమ్ములు ఏరి, పురికొసకు గుచ్చి తెచ్చాడు. వాడిపోకుండా నీళ్లు చల్లినట్టున్నాడు, మట్టి ఇంకా తడిగానే ఉంది. నన్ను చూసి దండను కొంచెం పైకెత్తి కళ్లెగరేశాడు. రేపు పేపర్లో బంతిపూల దండలు ఉండవు, మనదే ఉంటుంది అని ఆ కళ్లెగరేయడానికి అర్థం. అల్లం రైతుల బాధ గురించి ఆయన ఏదో చెప్పాలనుకున్నాడని తర్వాత అత్తమ్మ చెప్పింది. ధర పడిపోయిన ఏడు అది.

పేరు పిలవకముందే మామ వేదిక మీదికి ఎక్కాడు. అన్న మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు. మామ వెనక నుంచి వెళ్లి దండ మెడలో వేశాడు. ఆ బరువుకు అన్న తల ముందుకు వంగి మూతి మైకుకు తగిలింది. తడిసిన ఎర్రమట్టి తెల్ల చొక్కా మీద బొటబొటా రాలింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. అన్న దండ తీసి నేలకు కొట్టాడు, వెనక్కి తిరిగి మామ చెంప మీద కొట్టాడు. మైకు ఆన్‌లోనే ఉంది. ఆ చప్పుడు మైదానమంతా వినిపించింది.

నా వేలు అప్పటికే బటన్ మీద ఉంది. అది నొక్కిందని కూడా నాకు తెలియలేదు. ఇన్నేళ్ల అలవాటు, చప్పుడుకు రెప్ప పడినట్టు పడింది. మామ రెండు చేతులూ జోడించాడు, నవ్వబోయాడు, అది సగంలోనే ఆగిపోయింది. తర్వాత కిందికి వంగి, తెగిపోయిన దండలోంచి దొర్లిన అల్లం కొమ్ములు ఒక్కొక్కటే ఏరి కండువాలో వేసుకున్నాడు. వేదిక మీద వాళ్లు కాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చారు. ఆ మూట పట్టుకుని ఆయన మెట్లు దిగి జనంలో కలిసిపోయాడు. భాయ్ ఈసారి నన్ను పొడవలేదు. కెమెరా దించి నేల చూస్తూ నిలబడ్డాడు. అంతలో ప్రసంగం మొదలైంది. నా పని అదే కనుక నేను కదల్లేకపోయాను. అన్న చెయ్యెత్తిన ప్రతిసారీ ఫొటో తీస్తూ, మధ్యలో లెన్సు జనం మీదికి తిప్పి తెల్ల లాల్చీల్లో మా మామ లాల్చీ కోసం వెతికాను.

నాకంటే ముందే అది మా ఇంటికి చేరింది. ఎవరో ఫోనులో తీసిన వీడియో గ్రూపుల్లో తిరుగుతోంది. దాన్ని మళ్లీ మళ్లీ వచ్చేట్టు చేసి పాట కూడా తగిలించారు. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి నా భార్య ఫోను బోర్లా పెట్టి కూర్చుంది.

"మీరు అక్కడ్నే ఉన్నరు గద?" అంది.

"ఉన్న" అన్నాను.

కాసేపటికి డెస్కు ఇన్‌చార్జి ఫోన్. అందరి దగ్గరా వీడియో ఉంది కానీ ముఖాలు స్పష్టంగా లేవు, నీ దగ్గర ఉండే ఉంటుంది, పంపు అన్నాడు. ఉంది సార్ అన్నాను. ఆయన మా మామ, నా భార్య తండ్రి అని కూడా అన్నాను. ఆ మాట ఆఫీసులో చెప్పడం అదే మొదటిసారి. "అయ్యో, ఆయనేనా... వద్దు లెండి, వదిలేయండి" అన్నాడు. అప్పటిదాకా నన్ను 'నువ్వు' అనే మనిషి ఉన్నట్టుండి 'మీరు' అన్నాడు. ఆ మర్యాద నాకు ఇంకో చెంపదెబ్బలా తగిలింది.

మర్నాడు ఊరికి వెళ్లాం. మామ వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. చుట్టూ ఊరి పెద్దమనుషులు. వాళ్ల మధ్య పార్టీ ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు. ఊరికీ రోడ్డుకీ మధ్య ఒక వాగు ఉంది. వానాకాలం వస్తే ఊరు ఊరంతా దీవి అయిపోయేది, నొప్పులొచ్చిన ఆడవాళ్లను మంచం మీద మోసుకుని దాటించేవాళ్లు. దాని మీద బ్రిడ్జి మంజూరు కాగితం అన్న దగ్గరే ఆగి ఉంది. ఆఫీసు మనుషులు బెదిరించలేదు, చాలా మెత్తగా మాట్లాడారు. అన్న కొట్టలేదని మామ విలేకరుల ముందు ఒక్క మాట చెబితే చాలన్నారు. వాళ్లు పోయాక ఊరివాళ్లలో ఒక ముసలాయన మామ మోకాలి మీద చెయ్యి వేసి, "నీకే ఎరుక, మేం జెప్పేటోళ్లం గాదు. గానీ వానలు దగ్గర్కొస్తున్నయి" అన్నాడు.

అత్తమ్మ లోపల్నుంచి, "ఆయన చెంప మీదికెల్లే కట్టుకోన్రి మీ బ్రిడ్జి" అని అరిచింది.

మామ నావైపు తిరిగాడు. "రేపు ఆఫీసుల మీటింగ్ అంట. నువ్వు గూడ రా అల్లుడా. నువ్వుంటె నాకు జర ధైర్నముంటది" అన్నాడు.

వెళ్లాను. టేబుల్ మీద మైకులు, వెనకాల అన్న నిలువెత్తు ఫ్లెక్సీ, దాని కింద కుర్చీలో మామ. కొత్త లాల్చీ తొడిగారు, మడతల గీతలు ఇంకా పోలేదు. "అన్న నన్ను కొట్టలె. ప్రేమతోని తట్టిండు. గిట్టనోళ్లు గిట్ల దాన్ని పెద్దగ జేసిన్రు" అన్నాడు. ఒక కుర్ర విలేకరి లేచి, "మరి చెంప ఎందుకు వాసింది పెద్దాయనా?" అన్నాడు.

మామ చెయ్యి చెంప మీదికి పోయి ఆగింది. "పన్ను నొస్తుంది" అన్నాడు.

గదంతా గొల్లున నవ్వింది. భాయ్ నవ్వలేదు, నేను నవ్వలేదు. నేను ఫొటో తీశాను, అందరితో పాటు. హార్డ్‌డిస్కులో మొన్న నాకు కంటబడింది ఆ ఫొటోనే. అన్ని ఫొటోల్లోనూ నన్నే చూసిన మనిషి అందులో నన్ను చూడలేదు. టేబుల్ మీది నీళ్ల గ్లాసును చూస్తున్నాడు. నేను కూడా ఆయన ముఖంలోకి చూడలేక కెమెరాను ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఒకే గదిలో మామా అల్లుళ్లం, ఒకరికొకరం కనబడకుండా దాక్కున్నాం.

మెట్లు దిగుతుంటే అడిగాడు. "మంచిగ వచ్చిందా?"

"వచ్చింది మామ."

"ఫ్లాష్ పడ్డప్పుడు కండ్లు మూసుకున్న గావొచ్చు" అన్నాడు. లేదని చెప్పాను. రోడ్డవతల హోటల్లో ఇద్దరం చాయ్ తాగాం. మాట్లాడుకోవడానికి ఏమీ దొరక్క ఎండ గురించి మాట్లాడుకున్నాం. తర్వాత ఆయన షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన ఏ సభకూ రాలేదు. కంచెలో నిలబడ్డప్పుడల్లా నా కన్ను అలవాటుగా వేదిక అంచుల్లో వెతికేది. ఎన్నాళ్లనుంచో కోరుకున్న ఫ్రేము దొరికింది, అడ్డం వచ్చేవాళ్లు ఎవరూ లేరు. అది చూడబుద్ధయ్యేది కాదు.

బ్రిడ్జి వచ్చింది. ప్రారంభోత్సవానికి అన్నే వచ్చాడు. మైకులో, "మన అల్లం పెద్దమనిషి యాడున్నడు? పిలువున్రి" అని నవ్వుతూ అడిగాడు. మనుషులు తలలు తిప్పి చూశారు. మామ లేడు. రిబ్బను కత్తిరించడం అయ్యాక చేను దాకా నడిచి వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని అల్లం మొక్కల మధ్య కలుపు తీస్తున్నాడు. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"ఫొటోల మన ఊరి పోరగాండ్లు పడ్డరా?" అన్నాడు.

"అందరు పడ్డరు మామ. బ్రిడ్జి మీద ఉరుకుతున్నరు."

"గంతే సాలు" అన్నాడు. ఆ రోజు గురించి మామ నాతో ఎప్పుడైనా మాట్లాడాడంటే ఆ రెండు మాటలే. ఆయన పక్కన కూర్చుని నేను కూడా కలుపు తీశాను. రాని పని కావడంతో రెండు అల్లం మొక్కలు కూడా పీకేశాను. ఆయన చూసి, వాటిని తీసి మళ్లీ మట్టిలో నాటాడు. నిరుడు వానాకాలంలో గుండె ఆగిపోయి పోయాడు. దవాఖానకు ఆ బ్రిడ్జి మీదుగానే తీసుకుపోయాం, కానీ అప్పటికే ఆలస్యమైంది.

ఇప్పుడు ఆ వీడియో ఎవరి ఫోనులోనూ లేదు. పాట తగిలించినవాళ్లకు పెళ్లిళ్లయ్యాయి. అన్న పార్టీ మారాడు, తాను కొట్టిన చెంపను మరిచిపోయాడో, అసలు గుర్తుపెట్టుకోనే లేదో. బ్రిడ్జి మీద బడికి పోయే పిల్లలకు దాని కింద ఏముందో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. కాలం అందరి దగ్గర్నుంచీ ఆ మధ్యాహ్నాన్ని మెల్లగా తీసుకుపోయింది. మా ఇద్దరి దగ్గర మాత్రమే వదిలింది. మామ పోయాక, ఆయన వాటా కూడా నాకే వచ్చింది.