బ్లింకర్ స్తంభాలూ, కాదమ్మ సంతకమూ

ఆమెకు అసలు పేరొకటుంది, జీతం చీటీ మీద. రోడ్ల ఆఫీసులో మిగతా అన్నిచోట్లా ఆమె కాదమ్మ. ఎవరు ఏ కాగితం తెచ్చి ముందు పెట్టినా ఆమె నోట మొదట వచ్చే మాట "కాదండీ" అని ఎవరో జూనియర్ ఇంజినీరు పెట్టిన పేరది. ఆమె చెవిన పడకూడదని కొన్నాళ్లు అందరూ జాగ్రత్తపడ్డారు. ఒకరోజు ఆమే ఫోనెత్తి, "ఆఁ, కాదమ్మనే, చెప్పండి" అనేసరికి ఆ జాగ్రత్త కూడా పోయింది.

ఆమె పని లెక్క. ఊళ్లో ఏ కూడలిలో ఏడాదికి ఎన్ని ప్రమాదాలు జరగొచ్చు, జరిగితే మనిషికి దెబ్బ ఎంత గట్టిగా తగలొచ్చు అని అంచనా కట్టడం. ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఆమె దగ్గర అవి రెండు వేరు లెక్కలు. మార్కెట్ పక్క ఇరుకు సందులో పొద్దస్తమానం బళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూనే ఉంటాయి. అద్దాలు పగులుతాయి, నోళ్లు లేస్తాయి, సాయంత్రానికి ఎవరింటికి వాళ్లు పోతారు. ఊరి చివర వెడల్పాటి రోడ్డు మీద ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. ఆ ఒక్కసారికి ఇంటికి వెళ్లే మనిషి మిగలడు.

కాలేజీ సెలవుల్లో ఇదే ఆఫీసు తరఫున ఆమె రోడ్డు పక్కన స్టూలు వేసుకుని వచ్చేపోయే బళ్లు లెక్కపెట్టేది. ఆ ఎండా ఆ దుమ్మూ ఆమెకు చదువుకంటే ముందు అలవాటయ్యాయి. తర్వాత డిగ్రీ అయింది, ఉద్యోగమొచ్చింది, లెక్కలు కంప్యూటర్లోకి వెళ్లాయి. అయినా కంప్యూటరు చెప్పిందేదీ ఆమె ఊరికే నమ్మదు. కొత్త చెప్పులు కొనేముందు నాలుగడుగులు వేసి చూసినట్టు, తన అంచనాని ఆ కూడలి దాకా తీసుకెళ్లి కాసేపు నిలబడి చూస్తుంది. లెక్క కూడా చేతిపనే కదా, పట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఆమె కాపురం అత్తమామలతో కలిసి, మామగారి వెల్డింగ్ షెడ్డు మీద రెండు గదుల్లో. భర్త బస్సు డ్రైవరు. ఇంట్లో ఏ గొడవ మొదలైనా ఆయనకి ఆ క్షణమే డ్యూటీ గుర్తొస్తుంది. షెడ్డులోంచి పైకి వెళ్లే ఇనప మెట్లు మామగారు వేసినవే. "ఈ మెట్లు ఊడాలంటే ముందు ఇల్లు ఊడాలి" అంటాడాయన, వచ్చిన ప్రతివాడితోనూ.

రెండేళ్ల కిందట ఆఫీసువాళ్లు ఆ ఏడాది ప్రమాదాలు బాగా ఎక్కువైన ఇరవై కూడళ్లని ఏరి, రోడ్డు మధ్య డివైడర్ మొదట్లో పసుపు లైటు వెలిగి ఆరే స్తంభాలు పెట్టించారు. అందరూ వాటిని బ్లింకర్లంటారు. టెండరు చూసే సెక్షను వేరు. తక్కువ రేటుకి స్తంభాల పని మామగారి షెడ్డుకే దక్కింది. ఆయన తన మామగారని చీఫ్ ఇంజినీరుకి రాసిచ్చి ఆమె ఆ చాయలకే పోలేదు. మరుసటి ఏడు ఆ ఇరవై చోట్లా ప్రమాదాలు ఇంచుమించు సగానికి పడ్డాయి. ఆఫీసంతా సంబరపడింది. చీఫ్ ఇంజినీరు ఆమెను పిలిచి నివేదిక ముందు పెట్టాడు. స్తంభాల వల్ల ప్రమాదాలు సగం తగ్గాయని మొదటి వాక్యం. కింద ఆమె సంతకానికి చోటు. అది పడితే మరో అరవై కూడళ్లకి డబ్బొస్తుంది.

"కాదండీ," అందామె.

ఆయన చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడు అసలే కాదు. కుర్చీ వెనక్కి జరిపి నవ్వాడు. "పెరిగితే మీకు బాధ, తగ్గితే బాధ. మీకు నచ్చే ఏడు ఏదో చెప్పండి మేడం, దాని కోసం ఎదురుచూస్తాను."

"తగ్గింది నిజమే సార్. స్తంభాల వల్ల సగం తగ్గిందని నేను అనలేను."

"మరి దేనివల్ల?"

"మనం ఏరిన తీరు వల్ల. అన్నిట్లోకీ బాగా చెడ్డ ఏడు గడిచిన కూడళ్లనే పట్టుకున్నాం. అంత చెడ్డ ఏడు వరసగా మళ్లీ రావడం అరుదు. ఏమీ చెయ్యకపోయినా చాలావరకు కిందికి దిగేవే. ఆ ఏడే అంతే చెడ్డగా గడిచి, మనకి స్తంభాలు చాలక వదిలేసిన కూడళ్లు కొన్నున్నాయి. చూడండి, అక్కడా తగ్గాయి."

"ఇంతే తగ్గాయా?"

"కొంచెం తక్కువ. ఆ కొంచెం తేడా స్తంభాల గొప్పో, ఊరికే అలా పడిందో, ఇంత కొద్ది కూడళ్లతో తేలదు."

"అంటే పనిచేస్తున్నాయేమో కూడా."

"కావచ్చు."

"కావచ్చు అంటే పైవాళ్లు చిల్లిగవ్వ ఇవ్వరు. సగం అంటే ఇస్తారు." ఆయన గొంతు తగ్గింది. "ఈ ఏడు తీసుకోకపోతే ఆ డబ్బు వేరే పద్దులో పడిపోతుంది. ఆ అరవై చోట్లకీ ఏ దిక్కూ ఉండదు. మీ నిజం వాళ్లకేం ఒరగబెడుతుందో చెప్పండి."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. జవాబు దొరకలేదు. దొరక్కపోయినా పెన్ను మాత్రం ముట్టుకోలేదు.

బయటికొస్తుంటే ఆమెకు ఆ పేరు పెట్టిన జూనియర్ ఇంజినీరు గుమ్మంలోనే ఎదురయ్యాడు. "ఇంటికొచ్చే ఆర్డరు మేడం! కాలదన్నుకుంటారా?"

"ఇంటికొచ్చేది కాబట్టే రెండోసారి కూడా చూశాను."

ఆమె ఇల్లు చేరేలోపే కబురు చేరిపోయింది. మామగారు ముఖం మీది అద్దాల తొడుగు పైకెత్తి మెట్ల దగ్గరే ఆపాడు.

"ఏమ్మా, నా స్తంభాలు పనికిరావన్నావంట?"

"పనికిరావనలేదు మామయ్యా. పనిచేశాయని తేలలేదన్నాను."

"రెండిటికీ తేడా ఏంటో?"

"బోలెడు."

పైనుంచి అత్తగారి గొంతు వినపడింది. "ఆ బోలెడూ కిందే తేల్చుకుని రండి. నా వంటింట్లోకి మాత్రం తేవద్దు."

మామగారు తగ్గలేదు. "కళ్ల ముందు కనపడుతుంటే తేలకపోవడమేంటి? ఆ పెద్దవాన ఏడు షెడ్డులోకి మోకాల్లోతు నీళ్లొచ్చాయి. గడప ఎత్తు చేయించాను. మళ్లీ చుక్క వచ్చిందా?"

"రాలేదు. ఎదురింటి ప్రింటింగ్ ప్రెస్సు ఆయన గడప ఎత్తు చేయించాడా?"

"వాడా? పిసినారి, వాడేం చేయిస్తాడు."

"ఆయన ప్రెస్సులోకి మళ్లీ నీళ్లొచ్చాయా?"

మామగారు ఎదుటి వైపు చూశాడు. ప్రెస్సు గడప నేలకంటుకునే ఉంది. కాగితం కట్టలు ఎప్పట్లాగే కిందే పరిచి ఉన్నాయి. "ఆ తర్వాత అంత వాన పడితే కదా!" అన్నాడు. అన్నాక, తను ఎవరి తరఫున మాట్లాడాడో అర్థమై అద్దాల తొడుగు కిందికి దించేశాడు.

ఇక్కడితో ఆగి ఉంటే అది సంతకం గొడవగానే ముగిసేది. ఆమె రెండో లెక్క కూడా తీసింది. స్తంభాలున్న చోట్ల జరిగిన కొద్ది ప్రమాదాల్లో గట్టి దెబ్బలు మునుపటికంటే ఎక్కువగా కనిపించాయి. ఆ కొద్దిటితోనే మాట అనేయడం ఆమెకిష్టం లేదు. అందుకని చాలా ఏళ్ల ప్రమాదాలన్నీ ఊరంతటివీ కలిపి పెట్టి, రోడ్డు వెడల్పు, బళ్ల వేగం, వెలుతురు, ఏ బండి దేనికి కొట్టుకుంది అన్నవి ఒక్కొక్కటే విడదీసి చూసింది. ఎలా తిప్పి చూసినా ఒకటి మాత్రం కదల్లేదు. కదలని వస్తువుకి కొట్టుకున్న మనిషి గతి మిగతావాళ్లకంటే చాలా హీనం. తాము ఇరవై చోట్ల, సరిగ్గా బళ్లు దారి తప్పి ఎక్కే చోటే, అలాంటి వస్తువుని కొత్తగా పాతారు.

ఎప్పట్లాగే, స్తంభమున్న ఒక కూడలికి వెళ్లింది. బ్రెడ్డు వ్యాను ఒకటి గుద్దిన స్తంభమది. వ్యాను నీలం రంగు ఇంకా అంటుకునే ఉంది. స్తంభం నిటారుగా నిలబడి ఉంది, అడుగున అతుకులో వెంట్రుకంత చీలిక కూడా లేదు. ఆ ఇంటి కోడలిగా మొదట ఆమెకు గర్వమే కలిగింది. ఎదురుగా పంక్చర్లు వేసే ఆయన టైరు పక్కన పెట్టి వచ్చాడు.

"వ్యాను ముందు భాగమంతా అప్పడమైపోయిందమ్మా. దీన్ని చూడండి, ఇంచీ కదల్లేదు. ఎవరు చేశారోగానీ పనివాడంటే వాడు."

"డ్రైవరు?"

"బతికాడు. ఒక కాలు తీసేశారు."

ఇంటికొచ్చి మామగారికి అంతా చెప్పింది. పంక్చరాయన మెచ్చుకోలు దగ్గర ఆయన మీసం కింద నవ్వు కదిలింది. కాలు దగ్గర ఆగిపోయింది. తర్వాత కోపమొచ్చింది.

"తాగి గుద్దితే అది నా తప్పా?"

"తాగలేదు. కునుకు పట్టిందేమో, బ్రేకు పడలేదేమో. తప్పు ఎవరిదైనా కాలు పోవాలా మామయ్యా?"

"అయితే విరిగే స్తంభం చెయ్యమంటావా? నా అతుకు ఊడిందని ఇన్నేళ్లలో ఒక్కడు వెనక్కి రాలేదు. ఆ మాట బయటివాడు అనుంటే షెడ్డులోంచి గెంటేసేవాణ్ణి."

"నన్నూ గెంటండి. మళ్లీ ఎక్కి వస్తాను. మెట్లు ఊడవుగా, మీరు వేసినవే."

అత్తగారు పైన నవ్వు ఆపుకోలేక దగ్గింది.

ఆదివారం ఆమె షెడ్డులోకి దిగింది. ముక్క పైపొకటి, పలక ఒకటి తీసి, తొడుగు పెట్టుకుని తనే అతకడానికి కూర్చుంది. రాడ్డు అంటుకుపోతోంది, లాగితే నిప్పురవ్వలు, మళ్లీ అంటుకుపోతోంది. పైన గదిలో ఉన్న మామగారికి చూడక్కర్లేదు, ఆ చప్పుడు చాలు. చెవుల్లో ఇసక పోసినట్టై కిందికి దిగొచ్చాడు.

"ఏంటా పని?"

"బలహీనమైన అతుకు. మీరు వెయ్యనన్నారుగా."

ఆయన ఆమె అతికిన పైపుని నిలబెట్టి, పైభాగం పట్టుకుని కొంచెం ఊపాడు. అడుగున అతుకు ఊడి కింద పడింది. "ఇదీ నీ స్తంభం. గాలివాన అక్కర్లేదు, పిట్ట వాలితే చాలు, జనం నెత్తిన పడుతుంది. విరగాలన్నా దానికో పద్ధతి ఉండాలి."

"ఆ పద్ధతి నాకు రాదు."

"రాదని తెలుసుగా, మరెందుకు ముట్టుకున్నావు?"

ఆమె చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టి పైకి వెళ్లిపోయింది.

ఆ వారమంతా మామగారు గేట్ల పని పక్కన పెట్టాడు. స్తంభాన్ని పైన పట్టుకుని తోసేవాడు, కింద సుత్తితో మోదేవాడు, మళ్లీ పైకి. భోజనాల దగ్గర ఉన్నట్టుండి అన్నాడు, ఎవరితోనో కానట్టు, "గాలి పైన తోస్తుంది. బండి కింద కొడుతుంది. రెండు దెబ్బలూ ఒకటి కాదు." కొడుకు డ్యూటీ అంటూ లేవబోతే "కూర్చోరా, నిన్నేం అనలేదు" అన్నాడు.

చివరికి తేల్చిందేమిటంటే, స్తంభం అడుగున ఒక పలక, నేలలో ఒక పలక, రెండిటినీ కలిపే బోల్టులు. ఆ బోల్టుల్ని నడుము దగ్గర లేతు మిషను మీద తిప్పి సన్నం చేశాడు. పైన ఎంత ఊపినా పట్టుకుని ఉంటాయి, పక్కనుంచి ఒక్క దెబ్బ గట్టిగా పడితే తెగుతాయి. దూలానికి గొలుసేసి, ఇనప తుక్కు నింపిన డ్రమ్ము వేలాడదీసి, వెనక్కి లాగి వదిలారు. మొదటిసారి బోల్టులు తెగలేదు. ఇంకొంచెం సన్నం చేశాడు. రెండోసారి డ్రమ్ము తగలగానే స్తంభం అడుగు జారిపోయి పక్కకి ఒరిగింది. డ్రమ్ము ఆగకుండా ముందుకు పోయింది. కోడలి చప్పట్లు ఆయనకు నచ్చలేదు. "ఊడిపోయినదానికి చప్పట్లేంటి?" అని కసురుకున్నాడు.

చీఫ్ ఇంజినీరు స్వయంగా వచ్చి చూశాడు. డ్రమ్ము రెండుసార్లు తనే వదిలాడు. ఆఫీసుకి వెళ్లాక నివేదిక మళ్లీ తీశాడు. "పాత ఇరవైకీ, కొత్త అరవైకీ ఈ పలకలే. రాసేశాను. ఇప్పుడైనా సంతకం పెడతారా?"

ఆమె చదివింది. మొదటి వాక్యం అలాగే ఉంది.

"కాదండీ."

"మేడం! మీరడిగింది ఇచ్చాను కదా!"

"బోల్టులు ఇచ్చారు, మంచిదే. వాటికి బదులుగా ఈ సగం అన్న మాట నేనెందుకు ఒప్పుకోవాలి సార్?" ఈసారి ఆమె దగ్గర జవాబుంది. వారమంతా దాన్నే తిప్పుకుంటోంది. "రుజువుంటే డబ్బిస్తామంటున్నారు కదా, రుజువు తెస్తామని అడగండి. అరవైలో ముప్ఫైకి పెడదాం, ముప్ఫైకి వద్దు. దేనికి పెట్టాలో మీరూ నేనూ ఎంచకూడదు, చీట్లు తీద్దాం. నేను ఎంచినా మళ్లీ అదే పొరపాటు."

"ముప్ఫై కూడళ్లని కావాలని వదిలెయ్యమంటారా? అక్కడ ఎవరైనా పోతే నన్ను నిలదీస్తారు."

"ఇప్పుడు అరవైలోనూ పోతున్నారు. ఎవరు నిలదీస్తున్నారు?"

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద రోడ్డు మీద హారన్లు. "పైవాళ్లు ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోలేదని రాసుకుందాం. అబద్ధం రాయడం కన్నా సులువే కదా."

నివేదిక ఆమె చెప్పినట్టే వెళ్లింది, మొదటి వాక్యం లేకుండా, ఆమె సంతకంతో. పైనుంచి నెల తిరిగేసరికి జవాబొచ్చింది. పాత ఇరవైకి పలకలు, కొత్తగా ముప్ఫైకే డబ్బు, మిగతా సంగతి ఫలితం చూశాక. చీట్లు ఎవరి హెల్మెట్లో వెయ్యాలా అని జూనియర్ ఇంజినీరు హడావిడి పడి తన హెల్మెట్టే తెచ్చాడు. ఒక్కొక్క చీటీ గట్టిగా చదువుతూ, తన వీధి చివరి కూడలికి స్తంభం రాలేదని మొహం వేలాడేసుకున్నాడు. మార్చమని మాత్రం అడగలేదు.

ఆ సాయంత్రం మామగారు మెట్ల దగ్గర మళ్లీ ఆపాడు.

"సగం ఆర్డరు పోగొట్టావు."

"అవును మామయ్యా."

"ఆ ఉన్న సగంతోనే నా స్తంభం గెలుస్తుంది. రాసిపెట్టుకో."

"గెలిస్తే గెలిచిందని నేనే రాస్తాను. గెలవకపోతే అదీ నేనే రాస్తాను."

"గెలవకపోతే ఇంట్లో అడుగు ఎలా పెడతావో చూస్తాను!"

"మెట్ల మీంచి," అంటూ ఆమె పైకి వెళ్లిపోయింది. మామగారు ఏదో అనబోయి, అద్దాల తొడుగు దించి, లేతు దగ్గర పేర్చిన బోల్టుల్లోంచి ఒకటి తీసి సన్నం చేసిన చోట బొటనవేలితో తడిమి చూశాడు. నచ్చలేదు. పక్కన పారేసి ఇంకోటి బిగించాడు.