గోడ దిగని పట్టీ

గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ మీదున్న రెండు గదుల్లో మా ఆఫీసు ఉండేది. మా అంటే నాదీ, నా స్నేహితురాలిదీ. ఇంజినీరింగ్ చదివినన్నాళ్లూ హాస్టల్లో ఒకే గది మాది. తర్వాత కొంతకాలం వేరేవాళ్ల దగ్గర పనిచేసి, చివరికి ఇద్దరం కలిసి భవనాలకు కరెంటు డిజైన్లు చేసిచ్చే పని పెట్టుకున్నాం. బయట తిరిగి మాట్లాడేది ఆమె. కంప్యూటర్ ముందు కూర్చుని మోడల్ గీసేది నేను. నాకు కొత్తవాళ్లతో మాట్లాడటం చేతకాదు, ఆమెకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఆ ఏర్పాటు ఇద్దరికీ హాయిగా ఉండేది.

లైట్లు, వైర్లు గీయడం నాకు పనే. పిడుగు రక్షణ గీయడం మాత్రం ఇష్టం. మేము వాడే సాఫ్ట్‌వేర్‌లో పైపులకూ ట్రేలకూ సిద్ధంగా బొమ్మలుంటాయి గానీ, పిడుగును నేలలోకి దించే లోహపు పట్టీకి ఏమీ ఉండదు. అందుకని మెట్ల రెయిలింగ్ గీసే పనిముట్టుతో పట్టీ గీసేదాన్ని. డాబా అంచు చుట్టూ తిప్పి, గోడ మీదుగా దించి, కింద ఎర్త్ గుంటలో కలిపేదాన్ని. ఎక్కడా తెగకూడదు. కిటికీకి అడ్డం వస్తే పక్కకు జరిపేదాన్ని. భవనాన్ని తెర మీద గిరగిరా తిప్పి, పట్టీని పైనుంచి కిందిదాకా చూసుకుంటే గాని నాకు తృప్తి ఉండేది కాదు.

దానికొక కారణముంది. దర్శి దగ్గర మా ఊళ్లో, మా పిన్ని ఒక ఎండాకాలం మిరపకాయల కల్లంలో కూలికి వెళ్లింది. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. కాయలు తడవకుండా ఆడవాళ్లంతా పట్టాలు కప్పుతున్నారు. పట్టాకు ఒక కొస పిన్ని చేతిలో, రెండో కొస పక్కింటి ఆవిడ చేతిలో ఉంది. పిడుగు పడింది. పిన్ని బతికింది, ఆవిడ బతకలేదు. అప్పుడు మేము కాలేజీలో ఉన్నాం. నాతోపాటు ఆస్పత్రికి వచ్చి పిన్ని మంచం పక్కన కూర్చున్నది నా స్నేహితురాలే. పిన్ని ఏం తింటుందో, ఉరిమితే ఎలా వణుకుతుందో ఆమెకు నాతో సమానంగా తెలుసు.

మా ఊరి చర్చివాళ్లు బడికి కొత్త భవనం కడుతున్నారని తెలిసినప్పుడు ఆ పని మాకు ఇప్పించింది నేనే. చుట్టూ పత్తిచేలు, మధ్యలో ఒంటరిగా మేడ. పిన్ని అప్పటికి ఆ బడిలో ఆయాగా చేస్తోంది. కమిటీ ముందు మోడల్ చూపించేటప్పుడు మొదటిసారి నేనే నోరు తెరిచి మాట్లాడాను. తెర మీది భవనంపై ఒక పెద్ద బంతిని దొర్లించి చూపించాను. ఆ బంతి ఎక్కడ తగిలితే అక్కడ పిడుగు పడే వీలుందని, తగిలిన చోటల్లా రాడ్లు పెట్టానని చెప్పాను. పాస్టరమ్మగారు వెనక వరసలోంచి అడిగారు.

“పడిన పిడుగు ఎటుపోద్దమ్మా?”

“ఈ పట్టీల్లోంచి నేలలోకి పోతుందండి. లోపలున్న వాళ్లకేం కాదు.”

భవనం పూర్తయ్యే నాటికి నేను ఒక ఆస్పత్రి మోడల్‌లో మునిగి ఉన్నాను. సైటుకు వెళ్లొచ్చేది స్నేహితురాలే. ఒకరోజు టీ తాగుతూ అడిగాను, “పట్టీలు దించారా?”

“దించారే. గోడ లోపలనుంచి వేయించా, బయటికి కనపడకుండా” అంది. నాకు సంతోషమేసింది. నాకు తట్టని ఉపాయం ఆమెకు తట్టిందనుకున్నాను.

ఆ ఆదివారమే ఊరెళ్లి పిన్నికి చెప్పాను. “ఇకనుంచి మబ్బు పడితే ఇంటికి పరిగెత్తకు. బడి లోపలే ఉండు. ఈ ఊళ్లో అంతకన్నా భద్రమైన చోటు లేదు.” పిన్ని నా మొహంలోకి చూసి తలూపింది.

పత్తి తీసే రోజుల్లో, ఒక సాయంత్రం బడి వదిలాక వాన మొదలైంది. పిల్లలంతా వెళ్లిపోయారు. పిన్ని ఇంటికి బయల్దేరిందల్లా, నా మాట గుర్తొచ్చి మళ్లీ లోపలికి వెళ్లింది. మేడ మీద వరండాలో ఇనుప కటకటాలు పట్టుకుని నిలబడిందట. పిడుగు డాబా మీద పడింది. పిట్టగోడ మూల పగిలి పెచ్చులు ఊడిపోయాయి. ఫ్యాన్లు, కంప్యూటర్లు కాలిపోయాయి. పిన్ని ఎగిరి గోడకు కొట్టుకుంది. భుజం విరిగింది. ప్రాణానికి మాత్రం ముప్పు తప్పింది.

ఆస్పత్రిలో నన్ను చూసి పిన్ని ఒకే మాట అంది. “నువ్వు చెప్పావనేగా లోపలికెళ్లింది.”

నేను అక్కడినుంచి నేరుగా బడికి వెళ్లాను. డాబా ఎక్కితే రాడ్లు నేను గీసినచోటే ఉన్నాయి. అంచు చుట్టూ పట్టీ కూడా ఉంది. దాని వెంట నడిచాను. గోడ దగ్గరికి రాగానే పట్టీ కొస డాబా మీదికే మడిచి ఉంది. అంతే, అక్కడితో ఆఖరు. భవనం చుట్టూ తిరిగాను. ఒక్క ఎర్త్ గుంట లేదు. అంటే పిడుగును పిలిచే ఏర్పాటు చేసి, అది వెళ్లడానికి దారి లేకుండా చేశారు. కట్టిన మేస్త్రికి ఫోన్ చేశాను.

“కిందకి దించొద్దని మీ మేడమ్‌గారే చెప్పారు గదండీ” అన్నాడతను. “ముందు గోడ మీద గీతలు పడితే ఎలివేషన్ పాడవుద్దన్నారు. మాకిచ్చిన డ్రాయింగులో కూడా పట్టీ గోడ దిగలేదండి.”

గుంటూరు వెళ్లేసరికి మధ్యాహ్నం. ఆమె సీట్లోనే ఉంది. నేను కూర్చోలేదు.

“పట్టీలు ఎందుకు తీసేశావే?”

ఆమె కంప్యూటర్లో బడి మోడల్ తెరిచింది. తర్వాత, “తీసెయ్యలేదు. మోడల్లో ఉన్నాయిగా. ప్రింట్‌లో కనపడకుండా దాచానంతే” అంది. బడి పూర్తయ్యాక దాని ఫొటోలు నచ్చితే తన పనులు మాకిస్తానని ఒక పెద్ద ఆర్కిటెక్టు అన్నాడట. ముందు గోడ నున్నగా, ఒక్క గీత లేకుండా ఉండాలన్నాడట.

“గోడ లోపలనుంచి వేయించానన్నావుగా నాతో.”

“నిజం చెప్తే నువ్వు ఒప్పుకుంటావా? అయినా పిడుగు రోజూ పడుద్దా ఏంటి?”

“లోపల పిన్ని ఉందే.”

“ఆ టైములో పిన్ని అక్కడుంటదని నాకేం తెలుసు?”

ఆ మాటతో నాకు కోపం కూడా చల్లారిపోయింది. ఆస్పత్రి మంచం పక్కన పిన్ని తల నిమిరిన చెయ్యి, మౌస్ పట్టుకుని పట్టీలను దాచిన చెయ్యి ఒకటేనని నమ్మడానికి మనసు రాలేదు. నేను వద్దంటానని నాకు అబద్ధం చెప్పింది. నా నోటితో ఆ అబద్ధాన్ని పిన్నికి చెప్పించింది. నా కంప్యూటర్ తీసుకుని మెట్లు దిగేశాను. కింద ఎవరో లెక్కలు చెబుతున్నారు, పిల్లలు గట్టిగా జవాబులిస్తున్నారు. ఆ ఆఫీసుకు మళ్లీ వెళ్లలేదు.

చర్చిలో పాస్టరయ్యగారికి జరిగిందంతా చెప్పాను. ఆయన నన్నేమీ అనలేదు. “ఇన్నాళ్లూ పిల్లల్ని అందులోనే కూర్చోబెట్టామా” అని మాత్రం అన్నారు. ఆయన అనుమతితో నేను దగ్గరుండి పట్టీలు దింపించాను. నల్లమట్టిలో గుంటలు తవ్వించి, ఎర్త్ సరిగ్గా ఉందో లేదో కొలిపించాను. ఇప్పుడు ముందు గోడ మీద నిలువుగా పట్టీలు కనిపిస్తాయి. అందంగా ఏమీ ఉండవు.

భుజం కట్టు విప్పాక పిన్నిని చూడ్డానికి వెళ్లాను. గుమ్మం దగ్గర బత్తాయిల సంచి ఉంది. ఎవరు తెచ్చారని అడిగితే నా స్నేహితురాలని చెప్పింది.

“వచ్చిందా? ఎందుకు రానిచ్చావు పిన్నీ?”

“కాళ్ల మీద పడి ఏడ్చిందే. దాని మొహం చూస్తే జాలేసింది. టీ పెట్టిచ్చాను. క్షమించమని గదా ప్రభువు చెప్పింది?”

నాకు చెప్పాలనిపించింది, క్షమించాల్సింది నేను కూడా కదా, నా దగ్గరికి రాలేదేం అని. చెప్పలేదు.

“నా గురించి ఏమన్నా అడిగిందా?” అన్నాను.

పిన్ని బత్తాయి వొలుస్తూ, “లేదు” అంది. ఒక తొన నా చేతిలో పెట్టింది. తినలేకపోయాను.