చీటీల సాబ్ బీరువా

ఆ దినాలల్ల ఏది నిజమో కనుక్కునుడు కన్న, చెవుల పడ్డది నమ్ముడే అల్కగ ఉండె. నాకు పద్దెనిమిదేండ్లు, సికింద్రాబాద్‌ల కాలేజీ చదువు. మా లైబ్రరీ చూసుకునే ముసలాయనను మేం చీటీల సాబ్ అనేటోళ్లం. పుస్తకం అడిగితె తీసిచ్చేటోడు కాదు. పుస్తకాల పేర్లు రాసిన చీటీల సొరుగుల ముందర నిలబెట్టి ఎతుకుమనేటోడు. దొరికినంక సుత ఇడిచిపెట్టకుండ, "రాసినోడెవరు బేటా? ఆయనకెట్ల ఎరుక?" అని షురూ చేసేటోడు. (ఆకలి మీదున్నోనికి ఇంతకన్న తక్లీఫ్ ఉంటదా?) ఒకపారి నేను జోరుగ గుంజితె సొరుగు మొత్తం ఊడొచ్చి చీటీలన్ని కింద పడ్డయి. అల్వాల్ నుంచి సైకిల్ తొక్కుకుంట వచ్చి మూడు దినాలు వాటిని వరుసకు పెట్టిన. క్లాసంత నవ్విండ్రు. ఆ కోపం లోపల్నే ఉండిపోయింది.

పోలీస్ యాక్షన్ అయినంక కాలేజీ మళ్ల తెరిచిండ్రు. సాబ్ ఒక బీరువాకు ఎప్పుడు తాళమేసి ఉంచుతుండె. దాంట్ల రజాకార్ల కాయితాలున్నయని ఎవడో అన్నడు. "నేను కండ్లార చూసిన," అన్న నేను. (చూసింది తాళం కప్పను.) ఆ ఒక్క మాటకు చాయ హోటల్ల అందరు జరిగి నాకు జాగిచ్చిండ్రు. మూడోనాడు ప్రిన్సిపాల్ వచ్చి, అందరి ముందర బీరువా తెరిపిచ్చిండు.

లోపల చీటీలే. అన్ని తెలుగుల. కొత్తగ నేర్చుకుంటున్నోని వంకర టింకర అక్షరాలు. "ఇంగ్లీష్ చీటీలతోని మన పోరగాళ్లు పరేషాన్ అయితున్నరు సాబ్. జెర తప్పులు దిద్దుకోని బయట పెడదామనుకున్న," అన్నడు ముసలాయన. "చూసిన అన్నోడెవడు?" అని ప్రిన్సిపాల్ గర్జించిండు. నేను తల వంచుకున్న. ముసలాయన ఒక్కసారి నా దిక్కు చూసిండు. పేరు చెప్పలే.

తెల్లారి నుంచి ఆయన పనికి రాలే. వారం కూసోని, వచ్చీరాని ఉర్దూల నాలుగు పేజీల ఉత్తరం రాసుకోని నేరేడ్‌మెట్‌ల ఆయన ఇంటికి పోయిన. "బిడ్డ తాన ఉంటమని పోయిండ్రు, ఇగ రారు," అన్నది పక్కింటామె.

ఇప్పుడు నాకు అప్పటి ఆయనకంటె ఎక్కువ ఏండ్లు. ఆ ఉత్తరం తీసి చదివితె, రాసిన పోరని తెలివికి నవ్వొస్తది. సాబ్‌ను పాణం ఎట్లున్నదని అడిగిండు, వానల సంగతి రాసిండు, పరీక్షల వచ్చిన మార్కులు సుత రాసిండు. "అబద్ధమాడిన" అన్న ముక్క మాత్రం నాలుగు పేజీలల్ల యాడ లేదు.