ముసలి చెల్క మొలలో మూట

మా అత్తమ్మ తెల్లబట్టలను నీలిమందు కలిపిన బకెట్లో ముంచి తీసేటప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపి ఆ నీళ్ల వైపు చూస్తూ ఉండిపోతాను. నీళ్లు ఎన్నడూ చూడనట్టు ఏమిటా చూపని ఆమె విసుక్కుంటుంది. నేను చూసేది ఆ నీలాన్ని. ఎంత చిక్కగా ఉంది, ఏ చేనుకు ఇంత భాస్వరం ఉంటుంది, దీన్ని ఉప్పలయ్య సారు కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తే ఏమని వంకపెట్టేవారు, అని నా బుర్ర దాని పని అది చేసుకుపోతుంటుంది. జనగామలో మట్టి పరీక్షల ల్యాబులో ఆయన కింద పనిచేసిన వాళ్లెవరికీ నీలం ఇక మామూలు రంగుగా కనిపించదు.

మట్టిలో పైరుకు అందే భాస్వరం ఎంతుందో తెలియాలంటే ఆ మట్టిని మందునీళ్లలో బాగా కుదిపి, వడగట్టి, రంగు పుట్టించే మందు కలపాలి. భాస్వరం బాగా ఉంటే ముదురు నీలం వస్తుంది, లేకపోతే వెలిసిపోయిన నీలం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సారు నాకు నేర్పిన మొదటి పని ఇదే. పొట్టి మనిషి, మెడలో తువ్వాల, చొక్కా జేబులో ఎప్పుడూ ఎవరిదో ఒకరి చేని మట్టిగడ్డ. ఆయన చొక్కాలు ఉతికిన ఇల్లాలికి నేను మనసులో చాలాసార్లు దండం పెట్టుకున్నాను. సారుకు తెలియని నేల లేదు, కానీ మెచ్చుకోవడం మాత్రం చేతకాదు. బాగుంది అన్న మాట ఆయన నోట నేను విన్నది ఒక్కసారే, అదీ ల్యాబు ఎదుటి హోటల్లో మిర్చి బజ్జీ గురించి.

పరీక్షకు మట్టి తేవాలంటే చెల్కంతా, అంటే ఎర్ర మెట్టచేనంతా తిరిగి, అక్కడక్కడా తవ్వి, అంతా కలిపి పిడికెడు తేవాలి. ఎన్నిసార్లు చెప్పినా మా వైపు రైతులకు అది మనసొప్పదు. ఆఫీసుకు పోయే మట్టంటే వాళ్లకు పెళ్లిచూపులకు కూర్చోబెట్టే పిల్లే. తరిగొప్పుల నుంచి ఒకాయన మట్టిని జల్లెడ పట్టి, ఎండబెట్టి, కొత్తగుడ్డలో మూటగట్టి, మూటకు పసుపు రాసి మరీ తెచ్చాడు. పరీక్ష చేస్తే కాటుకలాంటి నీలం. సారు ట్యూబును, మనిషిని మార్చి మార్చి చూశారు.

"అన్నా, గిది చెల్క మట్టి గాదు. బర్రెల కొట్టం మట్టి."

ఆయనేమీ సిగ్గుపడలేదు. "ఆఫీసుకు తెచ్చేది గద సార్. మంచిదే తేవాలె" అని మాకే బుద్ధి చెప్పి, టీ తాగి వెళ్లాడు.

సారుకు నేలల వయసు పిచ్చి ఉండేది. భూపాలపల్లి జిల్లా ఘనపూర్‌లో రైతుల మీటింగు పెడితే ఎరువుల సంగతి వదిలేసి వయసుతోనే మొదలుపెట్టారు. రాయి పగిలి కొత్తగా పుట్టిన నేలలో భాస్వరం ఆ రాతిపొడిలోనే ఉంటుందని, వానలు దాన్ని కొద్దికొద్దిగా కరిగించి వేళ్లకు అందిస్తాయని చెప్పారు. లెక్కలేనన్ని ఏండ్లు వానల్లో నానితే సున్నం కొట్టుకుపోయి ఇనుము మిగులుతుందని, మన చెల్కల ఎరుపు ఆ ఇనుముదేనని, అది దొరికిన భాస్వరాన్నల్లా పట్టుకుని వదలదని కూడా చెప్పారు. ముందు వరుసలో ఒక పెద్దమనిషి లేచి తన భూమికి అరవై ఏండ్లుంటాయన్నాడు. వాళ్ల తాత కొన్నది అప్పుడేనట. వెనక నుంచి ఇంకొకాయన తనది ఇంకా పసిదని, పట్టా మొన్ననే అయిందని అన్నాడు. సభంతా సరేనని తలూపింది. సారు నాకేసి, ఇక నీ వంతు అన్నట్టు చూసి కూర్చుని నీళ్లు తాగారు.

నెల్లికుదురు దగ్గరి ఒక తండా నుంచి ద్వాళి అనే ఆమె మా ల్యాబుకు వచ్చింది ఆ తర్వాతి ఎండాకాలంలో. వాళ్లకున్నదంతా ఒక్క చెల్క. ఏటా భాస్వరం ఎరువు డీఏపీ చల్లుతున్నా మక్కజొన్న మొక్కలు చిన్నప్పుడే ఆకులు ఊదారంగు తిరిగి గిడసబారిపోతున్నాయి. భూమి పని అయిపోయింది, జామాయిల్ తోటలేసే ఆసామికి కౌలుకిచ్చి పట్నంలో కూలికి పోదామని ఆమె భర్త లచ్చిరాం పట్టుబట్టాడు. జామాయిల్ ఒకసారి పాతితే మళ్లీ నాగలి దిగేదెప్పుడో ఎవరికీ తెలియదు. ఆమెకు ఊరు విడవడం ఇష్టం లేదు. నేలలో సత్తువ ఉందని ఆఫీసు చెబితే దున్నుదాం, లేదంటే కౌలుకిద్దాం అని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారట. అందుకని ఆమె మట్టిమూటను గుండెకు హత్తుకుని వచ్చింది.

ఆ మట్టికి వచ్చిన నీలం చూసి నేను సంతోషపడ్డాను. సారు పడలేదు. నా చెయ్యి తప్పిందేమో, మళ్లీ చేయమన్నారు. చేశాను, అదే నీలం. ఇంకోసారి చేయమన్నారు. ఈసారి కళ్లనీళ్లు ఆపుకుంటూ చేశాను, మళ్లీ అదే. సారు కాసేపు కిటికీ దగ్గర నిలబడి, గంత ముసలి చెల్కకు గింత నీలం ఎక్కడిదని తనలో తాను గొణుక్కుని, మట్టి తీసే బర్మాను వ్యానులో వేయించారు. నాదే తప్పని ఊరందరి ముందూ నిరూపించడానికే పోతున్నారనుకుని, దారిపొడుగునా మూతి ముడుచుకుని కూర్చున్నాను.

తండాలో మొదటి ప్రశ్నకే ద్వాళి నిజం చెప్పేసింది. మట్టి తెచ్చింది చెల్కలోంచి కాదు, ఇంటి పక్కన మేకలు కట్టేసే చోటు నుంచి.

"కమ్జోర్ మట్టి ఎట్ల జూపియ్యాలె సారు? నా చెల్క ఇజ్జత్ పోదా?"

సారు నన్ను చెల్కలోకి పంపి నాలుగు దిక్కులా మట్టి తీయించారు. వ్యానులోనే పరీక్ష చేశాం. అందరూ చుట్టూ మూగి చూస్తుండగా, చివరి బట్ట జాడించాక బకెట్లో మిగిలే నీళ్లలా వెలవెలబోతూ వచ్చింది రంగు. ఇన్నేండ్లు పోసిన డీఏపీ ఏమైందో చెప్పమన్నాడు లచ్చిరాం, సచ్చిపోయింది సారు గిది అన్నాడు.

అప్పుడు సారు గుడిసె నీడలో కూర్చున్న లచ్చిరాం తల్లి దగ్గరికి పోయి, జర పొగాకు పెట్టమని అడిగారు. ఆమె లేదంది. గట్టిగా అడిగితే ఇంకా గట్టిగా లేదంది. కన్నకొడుకునైన తనకే పెట్టదని లచ్చిరాం నవ్వాడు. సారు ఆమె పక్కన చతికిలబడి, లంబాడీలో అమ్మను పిలిచినట్టు "యాడీ" అని పిలిచి, మోకాళ్ల నొప్పుల గురించి, పుట్టిన తండా గురించి అడగసాగారు. నాతో ఫ్లాస్కు తెప్పించి టీ పోశారు. టీ సగమయ్యేసరికి ఆమె చెయ్యి దానంతట అదే మొల దగ్గరి మూట మీదికి పోయింది. ముడి విప్పి చిటికెడు పొగాకు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. సారు ఆ చెయ్యి లచ్చిరాంకు చూపించారు.

"సూసినవా? మూట ఖాళీ లేదు. నీ చెల్క గూడ గంతే. నువ్వు పోసిన డీఏపీ ఏడికీ పోలే, ఇనుము మూటగట్టి మొలకు ముడేసుకున్నది. భూమి సావలే లచ్చిరాం, ముసల్దైంది. అడిగే తీరు మార్చాలె."

కోడలు లంబాడీలో విడమరచి చెప్పాక ముసలమ్మకు విషయం అర్థమైంది. తనను చెల్కతో పోల్చినందుకు పొగాకు వెనక్కి ఇచ్చేయమంది. సారు బుద్ధిగా ఇచ్చేశారు.

డీఏపీని చేనంతా చల్లొద్దని, మాగిన పశువుల పెంటలో కలిపి కొన్నాళ్లు ఉంచి విత్తనం పక్కనే సాలులో పడేట్టు వేయాలని, దుక్కికి ముందు చెల్కలో గొర్ల మంద పెట్టించాలని సారు చెప్పారు. పెంట తోడుంటే ఇనుము పట్టు కొంత సడలుతుందట. లచ్చిరాం ఒక్క పంటకు ఒప్పుకున్నాడు. ఆ వానకాలం అద్భుతాలేమీ జరగలేదు గానీ ఆకులు పచ్చగా నిలిచాయి, కంకులు నిండాయి. జామాయిల్ ఆసామి వేరే చేను వెతుక్కున్నాడు. ముసలమ్మ మూట కథను లచ్చిరాం ఇప్పటికీ తానే కనిపెట్టినట్టు తండా అంతా చెబుతాడట.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో, నీ పరీక్ష తప్పు కాదని సారు ఒక్క మాట అంటారేమోనని నెల్లికుదురు నుంచి జనగామ దాకా ఎదురుచూశాను. జనగామలో దిగాక నోరు విప్పారు. ట్యూబులు కడగమన్నారు.

సారు రిటైరయ్యారు, పోయినేడాది కన్నుమూశారు కూడా. ఆయన కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఈ ఎండాకాలం ద్వాళి మళ్లీ వచ్చింది, ఈసారి చేనంతా తిరిగి తీసిన అసలు మట్టితో. సారేడని అడిగితే చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అంది:

"గా దినం నువ్వు చెల్కల మట్టి తీస్తుంటే సారు నాతోని అన్నడు అక్కా. మా పిల్ల చేతిల నీలం తప్పు రాదు బిడ్డా, గందుకే నీ మట్టి మీద అనుమానమొచ్చిందని."

ముందు నాకు ఒళ్లు మండింది. అంత దూరం నా పక్కనే కూర్చుని వచ్చిన మనిషికి ఆ ముక్క నాతో అనడానికి నోరెందుకు రాలేదు? ఆ తర్వాత ఏడుపొచ్చింది. ద్వాళి ఎదుటే ఏడ్చాను.

మర్నాడు మా ల్యాబులో కొత్తగా చేరిన రజిత ఒక ట్యూబు తెచ్చి చూపించింది. కిటికీ వెలుగులో పట్టుకుని చూశాను. చక్కటి రంగు. "బాగుంది రజితా, మంచిగ చేసినవ్" అన్నాను. నా నోట ఎన్నడూ వినని ఆ మాటకు, ఎగతాళి అనుకుందేమో, ఆ పిల్ల ముఖం పాలిపోయింది. నా చేతిలోంచి ట్యూబు లాక్కుని సింకులో ఒంపేసి, మళ్లీ చేస్తాను మేడం అంటూ కొత్త మట్టి తూచడం మొదలుపెట్టింది. నేను ఫ్లాస్కు తెరిచి, ఆమెకూ నాకూ టీ పోసి, పక్కన కూర్చుని, బాగుందని మళ్లీ చెప్పాను.