ఒంటి కన్నపు మూకుడు

రోజూ తెల్లవారగానే యున్‌షియా తన తల్లి ఇంటికి వచ్చి ముందు బకెట్ తీసేది. కొర్రలు కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు తల్లి అందులో దాచేది. వాటిని ఉల్లికాడల తొట్లకు పోసి, బకెట్‌ను మళ్ళీ పంపు కింద పెట్టడం కూతురి వంతు. ఆ ఉదయం, తల్లి ఆసుపత్రికి పోకముందు దాచిన నీళ్ళతో బకెట్ నిండుగా ఉన్నా ముట్టుకోలేదు. అది తల్లి శవం లేచే రోజు. మట్టి మూకుడు, మేకు ముందేసుకుని కూర్చుంది.

బతికినన్నాళ్ళూ వృథాగా పారబోసిన నీళ్ళన్నీ పోయినవాళ్ళు పైలోకంలో తాగాలట. అందుకే పిల్లలు తలా ఒక కన్నం మూకుడుకు పొడుస్తారు, ఆ నీళ్ళు కారిపోవాలని. శవం లేచేటప్పుడు కొడుకు దాన్ని నేలకేసి ఒక్క దెబ్బకు పగలగొట్టాలి.

యున్‌షియా పుట్టిన రోజుల్లో ఇంటికి ఒక్క బిడ్డే అని సర్కారు హుకుం. ఫ్యాక్టరీ క్వార్టర్లలో చదరంగం రెండు వైపులా తనే ఆడుకుని, తన చేతిలో తనే ఓడిపోతూ పెరిగింది. మొన్న ఆసుపత్రిలో కాసేపు బయటికెళ్ళి ఏడుద్దామన్నా, తల్లి మంచం దగ్గర కూర్చోవడానికి రెండో మనిషి లేడు.

చిన్నప్పుడు తండ్రి పోతే పెదనాన్న కొడుకు గ్వాంగ్‌లిన్ మూకుడు కొట్టాడు. ఆమెను ఆడవాళ్ళ వెనక నిలబెట్టారు. ఇంటికొచ్చాక తల్లి ఒకే మాట అంది: "నాకు మాత్రం నువ్వే కొట్టాలి."

పెద్దమ్మతో, గ్వాంగ్‌లిన్‌తో వచ్చిన పెదనాన్న గుమ్మంలోనే ఆగాడు. "ఆ మూకుడు మీ అన్నకియ్యమ్మా. ఆడపిల్ల కొడితే నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ పెదనాన్నా. ఏడవడానికి ఎటూ ఒక్కదాన్నేగా, నవ్వడానికన్నా నలుగురుండనీ."

"ఒంటిపిల్లలింతే, పంచుకోవడం తెలిసేడిస్తేగా!" అంది పెద్దమ్మ.

"తినేదేదైనా అడుగు పెద్దమ్మా, సగం పెడతాను. ఇది మాత్రం ఇవ్వను."

"ఒక్క కన్నంతో మీ అమ్మ గతేం కాను? వీడు ఇంకో రెండు పొడుస్తాడులే," అన్నాడు పెదనాన్న.

యున్‌షియా మేకు తిప్పడం ఆపలేదు. "మా అమ్మ చుక్క నీళ్ళు పారబోయగా ఎప్పుడైనా చూశావా? పండక్కి నువ్వు కాళ్ళు కడిగిన నీళ్ళు కూడా దాచింది. అక్కడ ఆమె తాగడానికేముంటాయి? ఒక్క కన్నం చాలు."

గ్వాంగ్‌లిన్‌కు నవ్వొచ్చింది, దగ్గుతో కప్పేశాడు. "నిజమే నాన్నా. నేను చెయ్యి కడిగినా పిన్ని బకెట్ పట్టుకుని నిలబడేది. చెల్లినే కొట్టనీ."

"ఒక్క దెబ్బకు పగలకపోతే?"

"పగులుతుంది," అంది యున్‌షియా.

వాకిట్లో మూకుడును రెండు చేతులా నెత్తికి పైగా ఎత్తింది. "అమ్మా!" అని రాతి మీద వేసి కొట్టింది. అరచేతంత పెంకు కూడా మిగల్లేదు. పెదనాన్న శవం వెనక నడిచాడు, ఆమెకు ఒకడుగు వెనగ్గా.

తిరిగొచ్చాక పెద్దమ్మ హడావిడిగా చీపురు అందుకుంది. "ముందా బకెట్ పారబొయ్యవే, వాసనేస్తోంది."

యున్‌షియా బకెట్ మీద పళ్ళెం మూతపెట్టి, తొట్ల పక్కకు జరిపింది. అమ్మ దాచిన ఆఖరి నీళ్ళవి. పారబోయలేదు. ఉల్లికాడలకూ పోయలేదు.